నీడ లేని రెండు నిమిషాలు

మా అమ్మాయి పనిచేసే కంపెనీలో ఉద్యోగుల ఆరోగ్యం కోసమని ఏదో శిక్షణ పెట్టి, వారానికి ఒకసారి పదిహేను నిమిషాలు బయట నడిచి, ఏదో ఒకదాన్ని చూసి ఆశ్చర్యపడి రమ్మని చెప్పారట. వచ్చాక ఏం చూశారో, పదికి ఎంత ఆశ్చర్యం కలిగిందో ఒక యాప్‌లో నమోదు చేయాలి. మొదటి వారం మా పిల్ల కాలనీ చివరనున్న చెరువుగట్టు దాకా వెళ్లి, ఒక కొంగను చూసి, ఆరు మార్కులు వేసి వచ్చింది. "కొంగకు ఆరా?" అన్నాను. "మరీ తక్కువ వేస్తే మళ్లీ మెయిల్ వస్తుంది నాన్నా" అంది.

నవ్వుకున్నాను గానీ, ఆ సలహా ఎక్కడ పుట్టిందో వెతికి చదివాక అది నవ్వి తోసేయదగినది కాదనిపించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం దానికి మూలం. వయసు మళ్లిన 52 మందిని రెండు జట్లు చేసి, ఎనిమిది వారాల పాటు వారానికి పదిహేను నిమిషాలు ఆరుబయట నడవమన్నారు. ఒక జట్టువాళ్లను ఊరికే నడవమన్నారు. రెండో జట్టువాళ్లను ప్రతిదాన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నడవమన్నారు. నడకలో ఎవరి ఫొటో వాళ్లు తీసుకోవాలి. వారాలు గడిచేకొద్దీ రెండో జట్టువాళ్ల ఫొటోల్లో మనిషి ఆక్రమించే చోటు తగ్గుతూ, వెనకనున్న చెట్టూ ఆకాశమూ పెరుగుతూ వచ్చాయి. చిరునవ్వు మాత్రం ఇంకా విచ్చుకుంది.

అద్భుత రసానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, విస్మయమని నాట్యశాస్త్రం చెప్తుంది. ఆ విస్మయంలో ఉన్న ధాతువూ, మందస్మితంలో ఉన్న ధాతువూ ఒకటే. దాని అర్థం నవ్వడం. నోరు తెరుచుకోవడం, కళ్లు పెద్దవి కావడం, ఒళ్లు గగుర్పొడవడం వంటివన్నీ ఉండగా ఆ భావానికి నవ్వుతో పేరు పెట్టినవాళ్లు మనుషుల ముఖాలను ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో కదా అనిపించింది.

అయినా నాకు రెండు అభ్యంతరాలు మిగిలాయి. ఒకటి, ఆశ్చర్యాన్ని బలం మాత్రలా మింగమనడం. ఒంటికి మంచిదని వెతుక్కుంటూ వెళ్లిన మనిషికి ఒక కన్ను కొంగ మీద ఉంటే రెండో కన్ను తన మీదే ఉంటుంది. కలిగిందా, ఎంత కలిగింది అని లోపల తడుముకుంటూ ఉంటే కొంగ సగమే కనిపిస్తుంది. రెండోది, ఆశ్చర్యం చెప్పి రాదని, వేళకు రమ్మంటే వచ్చేది ఆశ్చర్యం కాదని. ఈ రెండో అభ్యంతరం మీద ఒక పెద్ద వ్యాసం రాద్దామని నాలుగు పేరాలు రాసి పెట్టుకున్నాను కూడా. మే 9న మా డాబా మీద జరిగిన సంగతితో ఆ నాలుగు పేరాలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. మొదటి అభ్యంతరం ఇంకా అలాగే ఉంది.

అబ్బురం అనే ఇంటి మాట

సంస్కృతంలోని అద్భుతం ప్రాకృతం మీదుగా జనం నోళ్లలో నలిగి అబ్బురమైంది, ఆశ్చర్యం అచ్చెరువైంది. అచ్చెరువు పద్యాల్లోనే ఉండిపోయింది గానీ, అబ్బురం మా గోదావరి వైపు ఇళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది, కాకపోతే వేరే పని మీద. "లేకలేక పుట్టాడు, అబ్బురంగా పెంచుకున్నారు" అంటారు. కొత్త గాజులు వేసుకుని చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్న పిల్లను "ఏమిటే అంత అబ్బురం" అని మురిపెంగా మందలిస్తారు. ఈ వాడుకలో పెద్దదనం ఊసే లేదు. చేతిలో ఉన్నదాన్ని, పొద్దస్తమానం కళ్లెదుట తిరిగేదాన్ని అరుదైనదిగా చూసుకోవడం ఉంది. బ్రహ్మాండమైనదాన్ని చూసినప్పటి భావానికీ, ఒళ్లో పిల్లవాణ్ని చూసుకున్నప్పటి భావానికీ ఒకే మాట సరిపోతుందని మా ఊరివాళ్లు ఏనాడో తేల్చేసుకున్నారు. అసలు మాట అద్భుతం మాత్రం ఈ మధ్య బాగా చితికిపోయింది. టీవీ వంటల కార్యక్రమంలో ఉప్మా నోట్లో పెట్టుకోకముందే అద్భుతం అంటున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఆ ఇంటి మాటలోనే ఉందని నా నమ్మకం. అబ్బురానికి కావలసింది కొత్తదనం కాదు. మనకు బాగా తెలిసినదాని ముందు, తెలిసి కూడా, కాసేపు నిలబడటం. ఇలా ఒక్క వాక్యంలో చెప్తే చాలా తేలిగ్గా ఉంది గానీ, నాకు ఇది అర్థం కావడానికి నలభై ఐదేళ్లు పట్టింది.

నాయనమ్మ అరచేతిలో నెలవంక

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాని గాఢమైన నీడ కర్ణాటక తీరం దగ్గర నేల మీదికి వచ్చి, రాయచూరు మీదుగా తెలంగాణను దాటుకుని పూరీ వైపు వెళ్లింది. హైదరాబాద్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్న వేళకు, అన్నవరం దగ్గరి మా పల్లెలో జనం తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. మాకు సంపూర్ణం కాదు, అయినా సూర్యుడిలో చాలా భాగం పోయింది. ఊరగాయ జాడీల మీదా, మజ్జిగ కుండ మీదా దర్భలు వేసి, పిల్లలందరినీ నడిమింట్లో పోగేసి, బయటికి తొంగిచూస్తే కళ్లు పోతాయని నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి మధ్యాహ్నం ఎండపొడలు అలికిన నేల మీద పడి, పొద్దు వాలేకొద్దీ తూర్పు గోడ వైపు జరుగుతుండేవి. మా ఇంట్లో గడియారం ఉన్నా నాయనమ్మ దాన్ని చూసేది కాదు. "పొడ రుబ్బురోలు దాటింది, దూడను విప్పండి" అనేది. ఆ రోజు మూడున్నర దాటాక ఇల్లు మసకబారుతుండగా మా చెల్లెలు నేలకేసి వేలు చూపించింది. రుబ్బురోలు చుట్టూ పడిన పొడలన్నీ నెలవంకలయ్యాయి. పది పన్నెండు నెలవంకలు, అన్నీ ఒకే పక్కకు తిరిగి, నేల మీద పరిచినట్టు ఉన్నాయి.

నాయనమ్మ గడప మీద నుంచి లేచి వచ్చింది. చూడొద్దంటుందనుకున్నాం. వంగి, ఒక పొడ కింద అరచెయ్యి పెట్టింది. నెలవంక ఆమె చేతిలోకి వచ్చింది. చెయ్యి కొంచెం పైకీ కిందికీ జరిపి చూసింది. "సూరీడు కరిగిపోయాడర్రా" అని, ఆ చేతిని అలాగే కళ్లకద్దుకుంది. బయట చూస్తే కళ్లు పోతాయన్న మనిషి, ఆ తర్వాత అరగంట పాటు నేల మీద నుంచి కళ్లు తిప్పలేదు.

ఆ నెలవంకలను గ్రహణమే తయారు చేసిందని చాలా ఏళ్లు అనుకున్నాను. నలభై దాటాక, ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు మావిడిచెట్టు కింద కూర్చుని మామూలు మాటల మధ్య చెప్పాడు: రోజూ గుండ్రంగా పడే పొడలు కూడా సూర్యుడి బొమ్మలేనట. పెంకుల మధ్య సందు మూడు మూలలుగా ఉన్నా, చీలికలా ఉన్నా, అది చిన్నదై, నేల దానికి తగినంత దూరంలో ఉంటే పొడ గుండ్రంగానే పడుతుంది, ఎందుకంటే సూర్యుడు గుండ్రంగా ఉన్నాడు కాబట్టి. ఆకుల సందుల్లోంచి చెట్టు కింద పడేవీ అవే. సందుకు తొమ్మిదడుగుల దూరంలో కాగితం ఎదురుగా పడితే, ఆ బొమ్మ సుమారు అంగుళం ఉంటుంది. దూరంలో దాదాపు నూట ఎనిమిదో వంతు. (నూట ఎనిమిది అనగానే జపమాల తీసేవాళ్లున్నారు, నేనా దారిన వెళ్లను.)

ఆ మాట విన్నాక చెట్టు కింద నేను కూర్చున్న చోటంతా సూర్యులు పరిచి ఉన్నారు. నా మోకాలి మీద ఒకడు, చెప్పు మీద ఒకడు. గ్రహణం రోజున కొత్తగా జరిగింది ఏమీ లేదు. బొమ్మలు నేను పుట్టిన దగ్గర్నుంచీ మా నడిమింట్లో పడుతూనే ఉన్నాయి, ఆ రోజు సూర్యుడే మారాడు. కారణం తెలిస్తే ఆశ్చర్యం చచ్చిపోతుందనే మాట చాలామంది నోట విన్నాను. నా విషయంలో కారణం తెలిసిన రోజునే ఆశ్చర్యం పుట్టింది.

కానీ ఇక్కడే నా వాదం ఒక రాయికి తట్టుకుంది. నాయనమ్మకు ఈ కారణాలేవీ తెలియవు కదా! ఆమె చెయ్యి చాచి పట్టుకున్నదానికీ, నాకు మావిడిచెట్టు కింద తెలిసినదానికీ తూకం వేస్తే ఆమెదే బరువు. తెలిసినదాని ముందు నిలబడితేనే అబ్బురమని నేనంటుంటే, ఏమీ తెలియని ఆమెకు అదెలా దక్కింది?

దీన్ని చాలా రోజులు ఆలోచించాను. ఆమెకు ఏమీ తెలియదనుకోవడమే నా పొరపాటు. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పొడలను చూసి పొద్దు లెక్కగట్టిన మనిషి ఆమె. అవి ఎంత ఉంటాయో, ఎలా ఉంటాయో, ఏ నెలలో ఏ గోడ పట్టుకుని నడుస్తాయో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆ రోజు మా ఇంటికి చుట్టం ఎవరైనా వచ్చి ఉంటే, నేల మీద వంకర వెలుగులు చూసి, వీళ్ల పెంకులు పగిలినట్టున్నాయే అనుకునేవాడు. వంకర పడిందని తెలియాలంటే గుండ్రం తెలిసి ఉండాలి. దాన్ని ఎరుక అంటాను, పుస్తకంలోది కాకపోయినా.

మే 9, పన్నెండు గంటల పన్నెండు నిమిషాలు

హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే 9న, ఆగస్టు 3న, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా ఉన్న దేనికీ ఆ క్షణాన నీడ పక్కకు పడదు. చిత్తూరులో ఇది ఏప్రిల్ చివరివారంలోనే వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి వచ్చేకొద్దీ రోజులు జరుగుతూ, ఆదిలాబాద్‌కు మే మూడోవారంలో చేరుతుంది. కర్కటరేఖకు పైన ఉన్న ఢిల్లీవాళ్లకు ఏనాడూ రాదు. మన దగ్గర మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుందనీ, మిగతా ఏడాదంతా ఉత్తరానికి పడుతుందనీ ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్న నేను ఎన్నడూ గమనించలేదు. సూర్యుడు ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం నెత్తిన ఉంటాడనే అనుకునేవాణ్ని. గడియారం పన్నెండు కొట్టినప్పుడే మధ్యాహ్నమవుతుందని అనుకోవడం లాంటిదే ఇది కూడా. మన దేశపు గడియారాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరి నుంచి పోతుంది. ఆ రేఖ మీద కూడా సూర్యుడు నవంబరు మొదట్లో పన్నెండుకు పదహారు నిమిషాలు ముందూ, ఫిబ్రవరి మధ్యలో పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగానూ ఆ రోజు దారిలో అన్నిటికంటే ఎత్తుకు చేరతాడు. అన్నవరం కొండ మీద రాతి నీడగడియారం పక్కన నిలబడి, ప్రసాదం ఆకు చేత్తో పట్టుకుని, "దీని టైము తప్పు" అని మా నాన్న చేతిగడియారం చూపించి వాదించింది గుర్తుంది.

మే 9న ఒక పూట సెలవు పెట్టి, ఒక అడుగు పొడవున్న పీవీసీ గొట్టం ముక్క తీసుకుని డాబా ఎక్కాను. ఆ వారం డాబా కారుతోందని కొత్తగా గచ్చు వేయిస్తున్నాం. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, ఆయన భార్య, ఇంకొక కుర్రాడు పనిలో ఉన్నారు. పూర్తయిన చోట గొట్టాన్ని నిలబెట్టి, ఫోనులో టైము చూస్తూ ఎండలో కూర్చున్నాను. నీడ పడమటి నుంచి దగ్గరికి వస్తోంది. పన్నెండు దాటి పది నిమిషాలైంది, పదకొండైంది. పన్నెండో నిమిషంలో కూడా గొట్టం అంచున దారమంత నల్లటి గీత మిగిలే ఉంది. లెక్క తప్పిందేమో, మర్నాడేమో అని గొణుక్కుంటున్నాను.

"ఏం జేస్తున్నరు సార్?" అని మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. చెప్పాను. ఆయన గొట్టం వంక ఒక్క చూపు చూసి, "గొట్టం నిలువు లేదు సార్. నీళ్లు పోనీకె డాబాకు వాలు వెడతం గద" అన్నాడు. జేబులోంచి రసమట్టం తీసి, ఒక పెంకు ముక్కను గొట్టం కింద ఒక పక్క దూర్చి, బుడగ మధ్యకొచ్చేదాకా వేలితో తట్టాడు. తట్టిన చోటే గీత లోపలికి పోయింది. గొట్టం చుట్టూ ఎటు చూసినా ఎండే. లోపలికి తొంగిచూస్తే అడుగున గచ్చు గుండ్రంగా, అంచు దాకా వెలిగిపోతోంది. రెండు నిమిషాలైనా ఉందో లేదో, తూర్పు పక్క సన్నటి గీత మొదలైంది.

నేనప్పుడు పిట్టగోడ వంక చూశాను. నాలుగు వైపులా గోడ, ఒక్క వైపు కూడా నీడ లేదు. నీళ్ల ట్యాంకుకు లేదు. నాకు లేదు, నా నీడ నా కాళ్ల కింద గుండ్రంగా మడతపడి ఉంది. రోజు తెలుసు, నిమిషం తెలుసు, కారణం తెలుసు, ముందే చదివి వచ్చాను. అయినా ఒళ్లు గగుర్పొడిచింది. వేళకు రమ్మంటే ఆశ్చర్యం రాదన్న నా రెండో అభ్యంతరం అక్కడ తేలిపోయింది. వచ్చే వేళ నిమిషంతో సహా తెలిసి, ఎదురుచూసి, వచ్చినదాన్ని చూడటంలో ఉన్నది పెళ్లివారి బస్సు కోసం వీధి అరుగు మీద నిలబడటంలో ఉన్నదానికి దగ్గర.

నీడ ఎవరికి ఎందుకు

మేస్త్రీతో ఆ మాటే అన్నాను, చూశారా నీడే లేదని. ఆయన రసమట్టం తుడుచుకుంటూ, "ఎండకాలం పన్నెండు కొడితె గోడకింద నీడ దొరకది సార్. మాకెరుకే గద. అందుకే పదకొండింటికే తింటం, లేకుంటె రెండు దాంక ఆగుతం" అన్నాడు. ఆయన భార్య ఖాళీ తట్టను నెత్తిన బోర్లించుకుని, ఆ తట్ట పంచిన కాస్త నీడలో మొహం దాచుకుని మా వంక చూస్తోంది.

నా వాదానికి ఇంతకంటే గట్టి ఎదురుమాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఎరుకే అబ్బురానికి మూలమైతే, ఆ డాబా మీద అందరికంటే ఎక్కువ ఎరుక ఉన్నవాడు ఆయన. నాకు ముప్పై ఏళ్లుగా తెలియని సంగతి ఆయనకు తన అన్నం వేళ ద్వారా తెలుసు. కానీ దాని ముందు నిలబడటానికి ఆయన దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది ఏమిటంటే ఒక పూట సెలవు. నేను ఎండలో కూర్చుంది నా ఇష్టంతో, చూడటం అయిపోగానే కిందికి దిగి ఫ్యాను వేసుకునే ధీమాతో. నాకు రెండు నిమిషాల వింత అయిన నీడలేమి ఆయనకు రెండు నెలల పాటు రోజూ వచ్చే ఇబ్బంది.

అయితే కడుపు నిండినవాళ్లకే అబ్బురం అని తేల్చేయడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. మా నాయనమ్మ కడుపు నిండిన మనిషేం కాదు. మేస్త్రీ కూడా గొట్టం సరిచేశాక వెంటనే వెళ్లిపోలేదు. గుండు కట్టిన దారాన్ని చేత్తో ఎత్తిపట్టి, గుండు నీడ నేరుగా గుండు కిందే పడుతోందా లేదా అని ఒక కన్ను మూసి చూశాడు. అది అబ్బురమో, పనివాడి పరీక్షో నేను చెప్పలేను. ఆయనను అడిగితే పరీక్షే అంటాడు. మొహం మీద నవ్వుందా అంటే, ఉంది. మా వల్ల కావలసిన పనొకటి మాత్రం స్పష్టంగానే ఉంది గనుక ఆ మర్నాడు మెట్లగది ముందు పాత టార్పాలిన్ కట్టించాను. మూడు రోజుల ముందే కట్టించి ఉండాల్సింది.

మా అమ్మాయికి ఈ సంగతంతా చెప్పి, పదికి ఎంత వేయమంటావని అడిగాను. "ఫొటో తీశావా?" అంది. తీయలేదు. తీద్దామనుకునేలోపు తూర్పున గీత మొదలైంది. తీసినా అందులో ఏముంటుంది? ఎండలో ఒక గొట్టం.

మరిచిపోవడం గురించి

మన్ను తిన్నావా అని పిల్లవాడి నోరు తెరిపించిన యశోద కథలో నాకు మొదట్నుంచీ నచ్చేది బ్రహ్మాండం కాదు. అది చూసిన తర్వాత ఆమె దాన్ని మరిచిపోవడం. మాయ కప్పిందని కథ చెప్తుంది. కప్పకపోతే ఆ మర్నాడు ఆమె పెరుగు చిలకలేదు, ఆ పిల్లవాణ్ని కొట్టనూ లేదు, కొంగుతో మూతి తుడవనూ లేదు. వారానికి పదిహేను నిమిషాలు అనే లెక్క మీద నాకు మిగిలిన కోపం కూడా ఇక్కడే కొంచెం చల్లారింది. రోజంతా ఎండపొడల్లో సూర్యుణ్ని చూస్తూ కూర్చున్నవాడు ఆఫీసుకు వెళ్లలేడు. మావిడిచెట్టు కింద అంత ఉలిక్కిపడిన నేను కూడా వారం తిరక్కుండా పొడలను పొడలుగానే చూశాను, చెప్పులు నీడలోకి జరుపుకున్నాను. అయితే మరిచిపోయినది మళ్లీ దొరకాలంటే దానికి మార్కులు వేసి ఉండటం సాయపడుతుందని మాత్రం నేను నమ్మలేను. కొంగకు ఆరు వేసిన పిల్ల రెండో వారం కొంగ దగ్గరికి వెళ్లలేదు. ఏడు వచ్చేదాని కోసం వెతుక్కుంది.

ఆగస్టు 3న పన్నెండు గంటల ఇరవై రెండు నిమిషాలకు మళ్లీ నీడ మాయం కావాలి. గొట్టం, పెంకు ముక్క, ఈసారి కొనుక్కున్న చిన్న రసమట్టంతో పైకి వెళ్లాను. ఆకాశమంతా మబ్బు, దేనికీ నీడ లేదు, మాయం కావడానికి. అయినా టైము దాటేదాకా ఉందామని మెట్లగది గుమ్మంలో నిలబడితే వాన మొదలైంది. డాబా చూపుకు చదునుగానే ఉంటుంది. నీళ్లు మాత్రం అన్ని మూలల నుంచీ బయల్దేరి, ఎక్కడా నిలవకుండా, తొట్రుపడకుండా, ఈశాన్యం మూలనున్న తూము వైపు నడుచుకుంటూ పోయాయి. పన్నెండున్నర ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.